కర్చీఫ్‌కి టికెట్టుందా

తనూజ నోరు ఎలాంటిదో రాఘవమ్మకు తెలిసింది రేపల్లె స్టేషనులో, తెనాలి వెళ్ళే పొద్దుటి బండిలో, ఒక కర్చీఫు మీద జరిగిన తగాదాలో.

రేపల్లెలో బండి ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి లోపలికి కర్చీఫులు, కండువాలు, చున్నీలు, అన్నం బాక్సులు ఎగురుతాయి. ఏమీ దొరక్కపోతే కాలి చెప్పు తీసి విసిరినవాళ్ళు కూడా ఉన్నారు. ఏ సీటు మీద ఎవరి గుడ్డ పడితే ఆ సీటు వాళ్ళది. ఈ చట్టం ఎవరు రాశారో తెలియదు గానీ, గోడమీద రైల్వేవాళ్ళు రాయించిన చట్టాలన్నిటికంటే దీనికే మర్యాద ఎక్కువ.

రాఘవమ్మ మాత్రం ఏనాడూ గుడ్డ వేసి ఎరగదు. డెబ్భై దాటిన మనిషి. ఒకప్పుడు కోతల రోజుల్లో ఇంటినిండా కూలీలకు వండి పెట్టిన మనిషి. ఇప్పుడు రెండు గేదెలు మిగిలాయి, తెనాలిలో నాలుగిళ్ళకు పెరుగు తీసుకెళ్తుంది. అమ్ముతున్నావా అని ఎవరైనా అంటే, "అమ్మడమేంటి? వాళ్ళు బతిమాలితే పోస్తున్నా" అంటుంది. చదివింది మూడో తరగతి, అదీ పూర్తిగా కాదు. అయినా స్టేషను బోర్డులన్నీ చదవగలదు, ఎదుటివాడి మొహం అంతకంటే బాగా చదవగలదు. పెరుగు క్యానుతో ఆవిడ పెట్టెలోకి అడుగుపెట్టగానే ఎవడో ఒక కుర్రాడు లేచి నిలబడతాడు. అది గౌరవం అని ఆవిడ అనుకుంటుంది. నోటికి జడిసి లేస్తున్నామని వాళ్ళు అనుకుంటారు. "మనిషి కూర్చునే చోట ముక్కు తుడుచుకునే గుడ్డ పరిచే ఖర్మ నాకెందుకు?" అని ఆవిడ చాలామంది ముందు చాలాసార్లు అంది.

ఆ రోజు బండి కిక్కిరిసి ఉంది. మూడో పెట్టెలో కిటికీ పక్కన ఒక్క సీటు ఖాళీగా ఉంది. దానిమీద నీలం గళ్ళ కర్చీఫు ఒకటి నాలుగు మడతలు పెట్టి, ఇస్త్రీ బట్టంత పద్ధతిగా వేసి ఉంది. పక్కనే ఒక యాభై ఏళ్ళ మనిషి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మోకాళ్ళదాకా తడిసిన ప్యాంటు, చొక్కామీద తెల్లటి ఉప్పు చారలు. అతని పేరు యలమంద అని, ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి వస్తున్నాడని అప్పటికి ఎవరికీ తెలియదు. ఎవరూ అడగనూ లేదు.

ఇద్దరు ఆడపిల్లలు తోసుకుంటూ వచ్చారు. ముందున్న పిల్ల సన్నగా, భుజాన సంచీతో, డిగ్రీ చదివే వయసులో ఉంది. అదే తనూజ. వెనక ఉన్నది దాని స్నేహితురాలు జెన్నిఫర్. చేతిలో ఫోను ఎత్తి పట్టుకునే ఉంది.

"అంకుల్, ఆ సీటు ఖాళీయేనా?" అంది తనూజ.

"లేదమ్మా, మనిషి ఉన్నారు."

"ఎక్కడున్నారు?"

"వస్తారు."

"బండి కదులుతోంది కదా, ఇంకెప్పుడొస్తారు? ఎగిరొస్తారా?"

చుట్టూ నలుగురు నవ్వారు. యలమంద కిటికీలోంచి బయటికి చూశాడు. "మనిషి ఉన్నారమ్మా" అన్నాడు మళ్ళీ, ఇంకాస్త చిన్నగా.

"పోనీ మీరు కూర్చోండి. పెద్దవాళ్ళు, మీరు కూర్చుంటే నేను నోరెత్తను."

"నేను కూర్చోనమ్మా."

"మీరు నిలబడి గుడ్డని కూర్చోబెట్టారా? మీకంటే దానికి కాళ్ళనొప్పులెక్కువా?"

పెట్టె అంతా ఇటు తిరిగింది. తనూజ గొంతు పెంచలేదు. నడుం మీద చెయ్యి వేసి, కోర్టులో ప్లీడరులాగా అడిగింది. "సరే అంకుల్, ఒక్క మాట చెప్పండి. కర్చీఫ్‌కి టికెట్టుందా? ఉంటే చూపించండి, తెనాలిదాకా నేను నిలబడే వస్తా. లేకపోతే టీసీ వచ్చినప్పుడు దీనికి ఫైను పడుద్ది. మీరే కట్టాలి."

ఇక నవ్వులు ఆగలేదు. అందరికంటే పెద్దగా నవ్వింది రాఘవమ్మే. తనూజ ఆ కర్చీఫును రెండు వేళ్ళతో ఎత్తి అతని ముందు పట్టింది. అతను తీసుకోలేదు. జనాన్ని తప్పించుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ గుడ్డతోనే తనూజ కిటికీ చట్రం మీది దుమ్ము తుడిచి, ఎక్కడ పారేయాలో తోచక సంచీలో కుక్కి, కూర్చుంది.

"నోరంటే అదీ" అంది ఎదుటి సీట్లోంచి రాఘవమ్మ. "ఎవరమ్మాయివే నువ్వు?"

"ఎరువుల కొట్టు నరసింహారావు గారమ్మాయినండి."

"ఆ మనిషి కొట్టుకెళ్తే బస్తా ధర కూడా పైకి చెప్పడు, వేలితో చూపిస్తాడు. నీకెవరు నేర్పారే ఇంత మాట?"

"ఇంటర్నెట్టు నేర్పింది మామ్మగారూ."

భట్టిప్రోలులో చాలామంది ఎక్కారు. ఆ గుంపులో ఒక బక్కపలచటి ఆడమనిషి గుడ్డసంచీ పట్టుకుని ఎక్కి, కాసేపు కమ్మీ పట్టుకుని నిలబడి, తర్వాత తలుపు పక్కన కింద కూర్చుంది. యలమంద ఆమెకు గాలి ఆడేలా కాళ్ళు ఎడంగా పెట్టి అడ్డం నిలబడ్డాడు. రాఘవమ్మ కళ్ళకు అది కనిపించింది. రోజూ కింద కూర్చునేవాళ్ళు ఎందరో ఉంటారు. కళ్ళు తిప్పేసుకుంది.

ఆ రోజునుంచి తనూజ రాఘవమ్మ ఎదుటి సీటునే వెతుక్కుని కూర్చునేది. తెనాలిలో డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీలో ఏం చెబుతున్నారో ఒక్కనాడూ చెప్పలేదు గానీ మిగతా లోకం గురించి అడక్కుండానే చెప్పేది. ఫోనులో దానికొక పేజీ ఉందట. కిటికీలోంచి పొలాలు, కాలవలు, జంపని స్టేషనులో పడుకున్న కుక్క, వీటిని తీస్తూ వెనకనుంచి తను మాట్లాడుతుంది. జెన్నిఫర్ దాన్ని కత్తిరించి, అతికించి, లోకం మీదికి వదుల్తుంది.

"మామ్మగారూ, ఇవాళ్టిది వినండి. మా అమ్మ అన్నం మిగిలిస్తే తిడుతుంది. ఫోనులో రోజుకింత అని డేటా ఇస్తారు కదా, అది మిగిలిస్తే నన్ను నేనే తిట్టుకుంటా. అర్ధరాత్రికి వృథా అయిపోతుందని కళ్ళు మూతలు పడుతున్నా ఏదో ఒకటి చూసి ఖాళీ చేసి పడుకుంటా. అన్నం తినలేనిది డేటా ఎలా తింటున్నానో!"

"తినబట్టే అలా ఉన్నావు, చీపురుపుల్లలా."

ఇంకోరోజు, "కొరియాలో ఒకమ్మాయి కెమెరా పెట్టుకుని నాలుగు గంటలు చదువుకుంటుంది మామ్మగారూ. మాటా పలుకూ లేదు. మనం కూడా పక్కన కూర్చుని చదువుకోవాలని ఆ వీడియో పెడుతుంది. నిన్న నేను నాలుగు గంటలూ చూశా. ఆ పిల్ల పేజీ తిప్పినప్పుడల్లా నాకు హాయిగా ఉంది."

"నువ్వేం చదివావు?"

"నేను చూశానుగా."

"అయితే ఆ పిల్ల పాసవుద్ది."

తనూజ పగలబడి నవ్వి, ఆ మాట కూడా పేజీలో పెట్టేసింది. పక్కింటివాడు గేటు దగ్గర ఎదురైతే పలకరించడు గానీ పొద్దున్నే గులాబీపువ్వు బొమ్మతో శుభోదయం పంపుతాడని ఒకటి. తలనొప్పి అని ఫోనును అడిగితే అది ముందు కాఫీ తాగమని, ఆఖర్న వీలునామా రాసుకోమన్నంత పని చేస్తుందని ఒకటి. రాఘవమ్మ దగ్గరున్నది నొక్కుల ఫోను. తనూజ ఫోనులో ఆ బొమ్మలు కదులుతుంటే ముఖం దూరంగా పెట్టి చూసేది. "దీన్నంతా ఎవరు చూస్తారే పనీపాటా లేకుండా?" అనేది. చూస్తూనే ఉండేది.

కర్చీఫు తగాదా కూడా ఆ పేజీలోకి ఎక్కింది. జెన్నిఫర్ మొదటినుంచీ తీసిందట. యలమంద తడి ప్యాంటు, నాలుగు మడతల గుడ్డ, తనూజ నడుం మీది చెయ్యి, రాఘవమ్మ నవ్వు, అన్నీ వచ్చాయి. మిగతావాటిని వందలమంది చూస్తే దీన్ని లక్షలమంది చూశారట. ఎక్కడెక్కడివాళ్ళో "కర్చీఫ్‌కి టికెట్టుందా?" అనే మాటకు పెదాలు కదిపి తమ వీడియోలు చేసుకున్నారు. బస్సులో, సినిమా హాల్లో, కల్యాణమండపంలో భోజనాల బల్ల దగ్గర. బడిపిల్లలు కూడా అంటున్నారట. తనూజ కాలేజీ వాళ్ళు సూర్యలంక సముద్రానికి వెళ్తే, మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె "నువ్వు కర్చీఫమ్మాయివి కదూ" అని ఒక పొత్తు ఊరికే ఇచ్చిందట. ఆ పొత్తు ఫొటో కూడా రాఘవమ్మకు చూపించింది.

యలమంద ఆ బండిలో కనిపించడం మానేశాడు. ఆ సంగతి మూడో పెట్టెలో ఎవరూ గమనించలేదు.

తర్వాత బాపట్లలో ఒక కాలేజీ వాళ్ళు ఏదో పండగ చేసుకుంటూ తనూజనూ, జెన్నిఫర్‌నూ స్టేజీ మీదికి పిలిచారు. ఆ మర్నాడు తనూజ బండి ఎక్కింది. చేతిలో గాజుపలకలా మెరిసే జ్ఞాపిక ఉంది. దాన్ని ఒళ్ళో బోర్లించి పెట్టుకుని కూర్చుంది. పళ్ళికోన దాటింది. భట్టిప్రోలు దాటింది. మాట లేదు.

"ఏమే, నాలుక బాపట్లలో మర్చిపోయొచ్చావా?" అంది రాఘవమ్మ.

"అక్కడ ఆ గొడవని నాటకంలా వేశారండి. ఒకబ్బాయి వంగి, ఒంటిమీద నీళ్ళు పోసుకుని, ఆ అంకుల్‌లా చేశాడు. మనిషి ఉన్నారమ్మా, మనిషి ఉన్నారమ్మా అని ముక్కుతో అన్నాడు. హాలంతా పడీపడీ నవ్వారు. నేనూ నవ్వా."

"మరింకేం?"

తనూజ ఫోను తీసి, ఆ వీడియో కింద ఎవరో రాసిన చోట వేలు పెట్టి చూపించింది. రాఘవమ్మ కూడబలుక్కుంది గానీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి. తనూజే చదివింది. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు, స్టేషనువాళ్ళు మైకులో బండి పేరు చెప్పినట్టు చదివింది. "అక్కా, మాది భట్టిప్రోలు. ఆయన పేరు యలమంద, మా వీధిలోనే ఉంటాడు. వాళ్ళావిడకి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు తెనాలి తీసుకెళ్తాడు డయాలసిస్‌కి. ఆమె భట్టిప్రోలులో ఎక్కుతుంది. ఆమెకి సీటు ఆపాడక్కా."

అది ఎన్నో వేల నవ్వుబొమ్మల కింద ఎక్కడో ఉందట. నిన్న స్టేజీ దిగి, బాపట్ల స్టేషనులో బండికోసం కూర్చుని, ఊరికే వేలితో కిందికి తోస్తుంటే కనిపించిందట.

రాఘవమ్మకు తలుపు పక్కన కింద కూర్చున్న ఆ బక్కమనిషి గుర్తొచ్చింది. "ఆ మొద్దుమనిషి చెప్పొచ్చుగా! ఆలికి ఒంట్లో బాగోలేదంటే ఎవరు కాదంటారు?" అంది.

"చెప్పాడుగా మామ్మగారూ. మనిషి ఉన్నారని చెప్పాడు."

తనూజ ఆ వీడియో తీసేసింది. తీసేసినా పోలేదు. చూసినవాళ్ళు దాచుకున్నారు, దాచుకున్నవాళ్ళు మళ్ళీ పెట్టారు. "మన ఇంట్లో మరక కడిగితే ఊళ్ళో అందరి చొక్కాలమీదా అదే మరక కనిపిస్తోంది" అంది ఒకరోజు. ఆ మాటా పేజీలో పెట్టలేదు. పేజీలో ఇంకేమీ పెట్టలేదు. సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గర నిలబడి వచ్చేది. రాఘవమ్మ పిలిస్తే వచ్చి కూర్చునేది, మళ్ళీ ఎవరైనా ఎక్కగానే లేచిపోయేది. ఏడవలేదు. ఏడిస్తే రాఘవమ్మకు ఏం చేయాలో తెలుసు. పమిట కొంగుతో మొహం తుడిచి, నాలుగు చీవాట్లు పెట్టేది. ఈ పిల్ల మొహంలో తుడవడానికి ఏమీ లేదు.

"రోజంతా ఏం చేస్తున్నావే?"

"ఫోను చూస్తున్నానండి. బొటనవేలు దానంతటదే తోస్తూ ఉంటుంది. ఒక పెళ్ళి, ఒక యాక్సిడెంటు, పెసరట్టు, చీరల సేలు, ఎవరో చచ్చిపోయారు, ఒక కుక్కపిల్ల. అన్నిటికీ నా మొహం ఒకేలా ఉంటోంది. నన్ను తిట్టినవీ చదువుతున్నా. నన్ను మెచ్చుకున్నవీ చదువుతున్నా. రెండూ వేరేవాళ్ళ ఇంటికొచ్చిన పెళ్ళిశుభలేఖల్లా ఉన్నాయి."

తర్వాత బండికి రావడం మానేసింది.

మొదట రాఘవమ్మ జ్వరమేమో అనుకుంది. తర్వాత జెన్నిఫర్ చెప్పింది. "కాలేజీకి రావట్లేదు మామ్మగారూ. నాతో కూడా మాట్లాడట్లేదు. పరీక్షలు దగ్గరకొచ్చాయి. హాజరు ఇంకొంచెం తగ్గిందంటే హాల్ టికెట్ ఇవ్వరు, ఏడాది పోతుంది. వాళ్ళ నాన్న ఏడాదితో ఆపడు, చదువే మానిపిస్తానంటున్నాడు. బండి ఎక్కనన్నదానికి చదువెందుకు అని."

"బండెక్కదా? బస్సులో రావచ్చుగా?"

"బస్సెక్కమన్నా ఊరికే చూస్తుందండి."

ఆ సాయంత్రం రాఘవమ్మ పిలవని పేరంటంగా నరసింహారావు ఇంటికి వెళ్ళింది. చేతిలో గిన్నెడు పెరుగు. ఒట్టి చేతులతో ఒకరి గడప తొక్కడం ఆవిడకు అలవాటు లేదు. తనూజ తల్లి గుమ్మంలోనే గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "తింటుందండి, స్నానం చేస్తుందండి, పిలిస్తే పలుకుతుందండి. ఏం తక్కువ లేదు. కానీ ఇంట్లో పిల్ల ఉన్నట్టు లేదు. మీరైనా నాలుగు పెట్టండి పిన్నిగారూ."

తనూజ గదిలో నేలమీద గోడకానుకుని కూర్చుంది. ఫోను పక్కనే ఉంది, చూడటం లేదు. రాఘవమ్మ మంచం మీద చతికిలబడి, దారిలో సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఒకేసారి దించింది.

"ఏమే మహారాణీ, బండి కట్టించుకుని వచ్చి తీసుకెళ్ళాలా నిన్ను? తప్పు చేశావు. సరే. ఎవరు చెయ్యరు? తప్పు చేసినవాళ్ళంతా గోడలకానుకుని కూర్చుంటే ఈ ఊళ్ళో గోడలు చాలవు. నీ బాబు ఎరువుల బస్తాలు మోయించి నిన్ను చదివిస్తుంటే, నువ్వు ఇక్కడ పుచ్చకాయలా కూర్చున్నావు. సిగ్గుందా?"

"లేదండి" అంది తనూజ. ఎదురు చెప్పడానికి కాదు. వెతికి చూసి, దొరకలేదని చెప్పినట్టు.

రాఘవమ్మ పెరుగు గిన్నెను మంచం మీద పక్కన పెట్టింది. ఎంత గట్టి మాటకైనా అవతలి మనిషిలో తగలడానికి ఏదో ఒకటి ఉండాలి. తల్లి తలుపు దగ్గర నిలబడి, వెళ్ళిపోయింది.

"నిన్న భట్టిప్రోలు వెళ్ళా మామ్మగారూ" అంది తనూజ.

"ఎవరితో?"

"ఒక్కదాన్నే. షేర్ ఆటోలో. స్టేషను వెనక వీధిలో అడిగితే చూపించారు. కర్చీఫ్ యలమంద ఇల్లు అని అడిగితేనే తెలిసింది వాళ్ళకి. యలమంద గారిల్లు అంటే తెలియలేదు."

"తలుపు మొహం మీద వేశాడా?"

"లేదండి. కుర్చీ తుడిచి వేశాడు. గుర్తుపట్టాడు, అయినా వేశాడు. తప్పైపోయిందండీ అన్నా. నువ్వు సీటు అడిగావు, అందులో తప్పేముందమ్మా, అందరూ అడుగుతారు అన్నాడు. వాళ్ళావిడ పేరు కొండమ్మ గారు. ఆవిడ మంచం మీదనుంచి లేచి కూర్చుని నన్నే చూస్తోంది. వాళ్ళింట్లో పెద్ద ఫోను లేదు, ఆ వీడియో ఆవిడ చూడనే లేదు. దాంతో నీకేమైనా ఉద్యోగం వచ్చిందా తల్లీ అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"లేదండీ, ఒక గాజుపలక ఇచ్చారన్నా. అయ్యో, పాపం అంది."

రాఘవమ్మ పెరుగు గిన్నెమీద మూత సర్దింది. అది సరిగానే ఉంది.

"ఆ రోజు ఆయనెందుకు కూర్చోలేదో కూడా అడిగా. ఐసుదిమ్మలు లాగీలాగీ ఒళ్ళంతా తడుస్తుందట. ఉప్పునీళ్ళు, చేపల వాసన. ఆ ఒంటితో కూర్చుంటే సీటు తడుస్తుంది, మళ్ళీ అదే సీట్లో ఈవిడ కూర్చోవాలి కదా అని నిలబడేవాడట. కర్చీఫు మాత్రం ఇంటినుంచి ప్రతిసారీ ఉతికింది తీసుకెళ్ళేవాడట. ఇదంతా విన్నా నాకు ఏడుపు రాలేదు మామ్మగారూ. వాళ్ళ గోడమీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నా. నాకేమైందో నాకు తెలియట్లేదు."

"ఇప్పుడెలా వెళ్తున్నారు తెనాలి?"

"ఆటోలు మారుకుంటూ. వచ్చేటప్పుడు కుదుపులకి ఆవిడ వాంతులు చేసుకుంటుందట. దిగి రోడ్డు పక్కన కాసేపు పడుకుని మళ్ళీ ఎక్కుతారట. రైల్లో రండి అన్నా. వచ్చేదాన్నే తల్లీ, నిలబడలేను అంది ఆవిడ. ఆయన్ని అడిగా, మళ్ళీ సీటు ఆపండి అని. ఆపలేనమ్మా అన్నాడు. ఒకసారి ప్రయత్నం చేశాడట. రేపల్లెలో కిటికీ దగ్గరికెళ్ళి కర్చీఫు తీశాడట. లోపలినుంచి ఎవడో కుర్రాడు, దానికి టికెట్టుందా బాబాయ్ అన్నాడట. జేబులో పెట్టుకుని దిగిపోయాడు. చెయ్యి లేవట్లేదమ్మా అన్నాడు. కోపంగా కూడా అనలేదు."

వీధిలో ఎవరో మోటారుసైకిలు ఆపి హారను కొట్టారు. తనూజ లేచి, తలుపు వెనక వేలాడుతున్న కాలేజీ సంచీ దింపి, అడుగునుంచి ఒక గుడ్డ తీసింది. నీలం గళ్ళ కర్చీఫు. ఉతికి ఉంది. నాలుగు మడతలు పెట్టి ఉంది.

"దీన్ని ఇచ్చేద్దామని తీసుకెళ్ళా. ఇవ్వలేకపోయా."

"నాకెందుకు చూపిస్తున్నావిది?"

"రేపు ఆవిడకి తెనాలి వెళ్ళాల్సిన రోజు. నేను పొద్దున్నే భట్టిప్రోలు వెళ్తా. ఆవిడని స్టేషనుకి తీసుకొచ్చి, చెయ్యి పట్టుకుని బండి ఎక్కించి, తెనాలిదాకా పక్కన నిలబడతా. అలాగైతే బండి ఎక్కగలననిపిస్తోంది. నా అంతట నేను ఎక్కలేను గానీ, ఆవిడని ఎక్కించాలంటే ఎక్కాలి కదా. అట్నుంచి కాలేజీకెళ్తా. రేపెళ్తే ఎల్లుండీ వెళ్తానేమో. తెలియదు."

రాఘవమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఏ మార్పూ లేదు. మాటలు మాత్రం ఒకదాని వెనక ఒకటి వరసగా వస్తున్నాయి, చాలా రోజుల తర్వాత.

"అయితే వెళ్ళు. నన్నడిగేదేముంది?"

"భట్టిప్రోలుకి వచ్చేసరికి సీటుండదు మామ్మగారూ. రేపల్లెలోనే ఆపాలి. ఆయన ఆపలేడు. నేను గుడ్డ వేస్తే మళ్ళీ ఎవరో ఒకరు ఫోను తీస్తారు. జెన్నిఫర్ వేసినా అంతే. మిమ్మల్ని ఎవరూ అడగరు. మీ నోరంటే అందరికీ భయం."

"భయమేంటే? గౌరవం."

"గౌరవమేనండి."

"పుట్టి బుద్ధెరిగాక నేను గుడ్డ వేసి సీటు ఆపలేదు. నలుగురిలో ఎన్నిసార్లు అన్నానో నీకు తెలుసు. ఆ నలుగురూ రేపు ఆ పెట్టెలోనే ఉంటారు."

"తెలుసు మామ్మగారూ."

"నా మొహం చూసి నవ్వుతారు."

"నవ్వుతారండి."

తనూజ ముందుకు వంగి ఆ కర్చీఫును రాఘవమ్మ ఒళ్ళో పెట్టింది. గుడ్డకు సబ్బు వాసన, దాని కింద ఇంకా కొద్దిగా ఉప్పు వాసన ఉంది.

"మూడో పెట్టె, కిటికీ పక్కది" అంది తనూజ. "నాలుగు మడతలు అలాగే ఉంచండి, విప్పొద్దు. ఎవరైనా అడిగితే మనిషి ఉన్నారని చెప్పండి. ఎవరని అడిగినా చెప్పొద్దు మామ్మగారూ, ఆవిడకి జబ్బని అసలు చెప్పొద్దు. మనిషి ఉన్నారు అనండి, చాలు."